అప్‌డేట్: ‘అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు’ అన్న బిల్లు సంగతి

కొన్న వారంలోపే మోటారు కాలిన మిక్సీని, బిల్లు మీది ఈ ముక్క చూపించి షాపువాళ్లు తీసుకోనన్నారు, ఏం చేయాలని ఇంతకుముందు అడిగాను. చివరికి డబ్బు వాపసిచ్చారు.

పని చేసింది సర్వీస్ సెంటర్ జాబ్ షీటు, అంటే వస్తువు చూసి లోపమేంటో రాసిచ్చే కాగితం. అందులో మామూలుగా ‘పనిచేయట్లేదు’ అని రాసి పంపేస్తారు, అది దేనికీ పనికిరాదు. ‘మోటారు వైండింగ్ కాలిపోయింది’ అని, సీరియల్ నంబరుతో సహా రాయించుకోవాలి. దాని నకలు, బిల్లు జతచేసి, 15 రోజుల గడువుతో స్పీడ్ పోస్టులో నోటీసు పంపాను.

నోటీసులో ఉటంకించింది 2019 వినియోగదారుల రక్షణ చట్టం, సెక్షన్ 2(47). లోపమున్న సరుకును బిల్లులో రాసిన గడువులోగా, గడువు రాయకపోతే 30 రోజుల్లోగా వెనక్కి తీసుకుని డబ్బివ్వకపోవడం అనుచిత వ్యాపార పద్ధతి. రంగు నచ్చలేదంటే మాత్రం ఇది వర్తించదు.

జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తే ఫిర్యాదు నంబరిస్తారు, కంపెనీకి పంపుతారు, అంతే. ఆదేశించే అధికారం వాళ్లకు లేదు. అది జిల్లా వినియోగదారుల కమిషన్‌దే. మనముండే జిల్లాలోనే కేసు వేయొచ్చు, సరుకుకి కట్టింది 5 లక్షల లోపైతే ఫీజు లేదు, వకీలూ తప్పనిసరి కాదు. కేసు వేయడానికి గడువు రెండేళ్లు.