మార్కస్ ఆరీలియస్ కొడుక్కి పట్టం కట్టడం తప్పేనా?

రాగికాసు: క్రీ.శ. 96 నుంచి 180 దాకా రోమ్‌ని వరసగా ఏలినవాళ్లు నెర్వా, ట్రాజన్, హేడ్రియన్, ఆంటోనైనస్ పయస్, మార్కస్ ఆరీలియస్. మొదటి నలుగురూ సమర్థుణ్ణి వెతికి దత్తత చేసుకుని రాజ్యం అప్పగించారు. అయిదోవాడు, అందులోనూ తత్త్వవేత్త, కన్నకొడుకు కొమోడస్‌కి ఇచ్చాడు. వాడేమో తానే హెర్క్యులిస్‌నంటూ సింహం తోలు కప్పుకుని, గ్లాడియేటర్ వేషంలో బరిలోకి దిగాడు. 192 డిసెంబర్ 31న సొంత మనుషులే ఒక మల్లుడి చేత పీక పిసికించారు. ఇది ధృతరాష్ట్ర ప్రేమ కాక మరేమిటి?

ఎర్రమట్టి: ధృతరాష్ట్రుడి ఎదురుగా ధర్మరాజు ఉన్నాడు కదండీ. మార్కస్ ఎదురుగా ఎవరున్నారు?

అసలు "వెతికి" అన్న మాట దగ్గరే నాకు పేచీ. నెర్వా, ట్రాజన్, హేడ్రియన్‌లకు పిల్లలే లేరు. ఆంటోనైనస్ కొడుకులిద్దరూ ఆయన గద్దెనెక్కక ముందే పోయారు. ఇక నెర్వా దత్తత సంగతి చూడండి. 97లో ప్రిటోరియన్ దళం, అంటే చక్రవర్తి అంగరక్షక సైన్యమే, ఆయన్నే చుట్టుముట్టి, అంతకు ముందు చక్రవర్తి డొమీషియన్‌ని చంపినవాళ్లను లాక్కెళ్లి చంపింది. ఆ భయంలో, జర్మనీ సరిహద్దున సైన్యంతో ఉన్న ట్రాజన్‌ని కొడుకన్నాడు. హేడ్రియన్ దత్తత మరీ అనుమానం: 117లో ట్రాజన్ సిలీషియాలో మంచాన పడి చనిపోయాడు, దత్తత గురించి సెనేట్‌కు వెళ్లిన ఉత్తరాల మీద సంతకం మాత్రం భార్య ప్లోటినాదని రోమన్ చరిత్రకారుడు కాసియస్ డియో రాశాడు.

పైగా అంతా చుట్టాలే. ఆంటోనైనస్ అంటే మార్కస్‌కి మేనత్త మొగుడు. ఆ మేనత్త కూతురు ఫాస్టినానే మార్కస్ చేసుకున్నాడు. మన భాషలో చెప్పాలంటే శుద్ధ మేనరికం!

గోధుమరవ్వ: హహ, మేనరికం మాట బాగుంది 😄 మనకి దత్తత అంటే పసిపిల్లాణ్ణి తెచ్చుకోవడం. వాళ్లు గడ్డాలూ మీసాలూ వచ్చినవాళ్లను కూడా తీసుకునేవారు. ఆంటోనైనస్‌ని దత్తత తీసుకునేనాటికి ఆయనకి యాభై ఏళ్లు దాటాయి.

రాగికాసు: చుట్టరికం ఒప్పుకుంటా. కానీ ఎదురుగా ఎవరూ లేరనకండి. అల్లుడు పాంపియానస్ ఉన్నాడు. యుద్ధాల్లో ఆరితేరిన సేనాని. అతన్ని వదిలేసి 177లో పదిహేనేళ్ల కుర్రాణ్ణి సహచక్రవర్తిని చేశాడు. అంత తొందరేమొచ్చింది?

ఎర్రమట్టి: తొందరకి కారణముంది. 175లో మార్కస్ చనిపోయాడని పుకారు పుడితే, తూర్పున ఉన్న సేనాని అవిడియస్ కాసియస్ నేనే చక్రవర్తినన్నాడు. మూడు నెలలకే సొంత సైనికులు అతని తల తీశారనుకోండి. ఆ దెబ్బతో మార్కస్‌కి వారసత్వం తేల్చక తప్పలేదు. డజనుకు పైగా పుట్టిన బిడ్డల్లో బతికి బట్టకట్టిన మగపిల్లాడు వాడొక్కడే.

పాంపియానస్‌కి ఇచ్చాడే అనుకుందాం. అప్పుడు కొమోడస్‌ని ఏం చేస్తారు? కన్నకొడుకుని పక్కనబెట్టిన చక్రవర్తి అంతకు ముందు ఒకడున్నాడు: క్లాడియస్. 50లో నీరోని దత్తత తీసుకున్నాడు. 54లో ఆయన పోయాడు. ఏడాది తిరక్కుండానే సొంత కొడుకు బ్రిటానికస్ భోజనాల దగ్గరే కూలిపోయాడు. విషమని పాత చరిత్రకారులంతా రాశారు. అంటే మార్కస్ ముందున్నవి రెండే దారులు, కొడుక్కి గద్దె ఇవ్వడం, లేదా కొడుకు చావుకి సిద్ధపడటం.

గోధుమరవ్వ: సైన్యం రక్తసంబంధాన్నే చూసేది అనడానికి ఇంకో ముక్క. కొమోడస్ తర్వాత జరిగిన కుమ్ములాటలో గెలిచిన సెప్టిమియస్ సెవెరస్ ఏం చేశాడు? 195లో, అంటే మార్కస్ పోయిన పదిహేనేళ్లకి, నేను మార్కస్ కొడుకునని ప్రకటించుకున్నాడు. చచ్చినవాడికి తనే దత్తత వెళ్లాడన్నమాట! "మీకొక తండ్రి దొరికినందుకు అభినందనలు" అని ఔస్పెక్స్ అనే ఆయన వేళాకోళం చేశాడట. తర్వాత కొమోడస్‌ని దేవుణ్ణి కూడా చేశాడు, అన్నగారు కదా మరి.

రాగికాసు: ఔస్పెక్స్‌కి దండం. సరే, దత్తత సిద్ధాంతం కట్టుకథే అనుకుందాం, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నా. పదిహేనేళ్లవాడికి సగం రాజ్యం ఇవ్వడం మాత్రం నాకు మింగుడుపడదు. మీ సెవెరస్ కూడా ఇద్దరు కొడుకుల్నీ తనతో సమానం చేసే పోయాడు. 211లో, తండ్రి పోయిన ఏడాదే, కారకల్లా తమ్ముడు గేటాని తల్లి ఒళ్లోనే చంపించాడు.