హెర్మెస్ గ్రంథాలు ఈజిప్టువా, గ్రీకువా?

చర్చ ప్రారంభించినవారు:
హెర్మెస్ ట్రిస్మెజిస్టస్, అంటే ముమ్మారు మహనీయుడైన హెర్మెస్, మోషే కాలంనాటి ఈజిప్టు జ్ఞాని అని యూరప్ పండితులు చాలాకాలం నమ్మారు. ఆయన పేరిట ఉన్న తాత్త్విక గ్రంథాల సంకలనం గ్రీకు ప్రతి 1460 ప్రాంతంలో ఫ్లోరెన్సుకు చేరగానే, ప్లేటో అనువాదాన్ని ఆపి ముందు దీన్నే లాటిన్‌లోకి తెమ్మని ఆ నగరాన్ని శాసించిన కోసిమో దె మెడిచి పండితుడు ఫిచీనోను కోరాడంటే ఆ నమ్మకం ఎంత గట్టిదో ఊహించవచ్చు. 1614లో భాషాపండితుడు ఐజక్ కాసబాన్ దాన్ని కూలదోశాడు. భాష క్రీస్తు తరువాతి కాలపు గ్రీకు. పైగా ఒకచోట శిల్పి ఫీడియాస్ పేరు వస్తుంది. మోషే సమకాలికుడికి క్రీ.పూ. 5వ శతాబ్ది శిల్పి ఎలా తెలిశాడు? ఈజిప్టు మూలమన్నది గ్రీకు తత్త్వానికి తొడిగిన వేషమేనని నా వాదం.

ఈజిప్టు చరిత్ర చదువుతున్న సభ్యులు:
తేదీ విషయంలో మీతో నాకు పేచీ లేదు. ఈ గ్రంథాలు క్రీ.శ. 1–3 శతాబ్దాలవే. అయితే రచనాకాలం వేరు, అందులోని భావాల వయసు వేరు. మన అష్టాదశ పురాణాలన్నీ వ్యాసుడొక్కడే రాయలేదని తేలినంత మాత్రాన వాటిలోని కథలు నిన్నమొన్నటివి అయిపోవు కదా. ట్రిస్మెజిస్టస్ అన్న బిరుదునే చూడండి. ఈజిప్టు భాషలో 'మహా' అన్న మాటను మళ్లీ మళ్లీ పలికి ఆధిక్యం చెప్పే అలవాటు ఉంది, లేఖన దేవుడు థోత్‌ను అలాగే కీర్తించేవారు. ఆ థోత్‌నే గ్రీకులు తమ దేవుడు హెర్మెస్‌గా భావించారు. క్రీ.పూ. 2వ శతాబ్దిలో ఈజిప్టులోని సక్కారాలో హోర్ అనే ఆలయ సేవకుడు కుండపెంకుల మీద రాసుకున్న గ్రీకు వాక్యాల్లో హెర్మెస్‌కు ఇదే పద్ధతి కనిపిస్తుంది. కాసబాన్‌కు ఈ పెంకులు తెలియవు. 1945లో ఈజిప్టులోని నాగ్ హమ్మాది దగ్గర దొరికిన కోప్టిక్ (ఈజిప్టు భాష చివరి రూపం) ప్రతుల్లో హెర్మెస్ రచనలూ ఉన్న సంగతీ తెలియదు. వాటిలో ఒకటి తనను చిత్రలిపిలో చెక్కించి ఆలయంలో నిలపమని చెబుతుంది.

చర్చ ప్రారంభించినవారు:
ఆ చివరి వాక్యం నా పక్షానికే పనికొస్తుంది. చిత్రలిపిలో చెక్కించమనడం ప్రాచీనత కోసం పడిన తాపత్రయం. సంకలనంలోని పదహారవ గ్రంథంలో ఇంకా విచిత్రం ఉంది: హెర్మెస్ శిష్యుడు అస్క్లేపియస్ అమ్మోన్ రాజుతో, గ్రీకుల మాటలు డొల్ల చప్పుళ్లనీ, ఈ బోధను ఆ భాషలోకి పోనివ్వవద్దనీ అంటాడు. అంటున్నది చక్కటి గ్రీకులో!

మరొక సభ్యులు:
హెర్మెస్ రాశాడనే రసవాద సూత్రాల మరకత ఫలకం మాటేమిటి? అది హెర్మెస్ విగ్రహం కింది నేలమాళిగలో బయటపడిందంటారు కదా.

ఈజిప్టు చరిత్ర చదువుతున్న సభ్యులు:
ఆ కథ అరబ్బీ గ్రంథంలోది, అది వెలువడింది 8–9 శతాబ్దాల ప్రాంతంలో. ఈ వాదానికి అది సాక్ష్యం కాదు.

పదహారవ గ్రంథంలోని వైరుధ్యం నిజమే. కానీ పాలకుల భాష అయిన గ్రీకులో రాస్తూ ఆ భాషనే దెప్పిపొడిచేవాడు గ్రీకువాడే అయివుండాలా? ఆలయాల్లో గ్రీకు నేర్చిన ఈజిప్టు పూజారులకు ఆ కడుపుమంట ఇంకా సహజం. క్రీ.శ. 200 ప్రాంతంలో క్రైస్తవ రచయిత అలెగ్జాండ్రియా క్లెమెంట్, ఊరేగింపులో నడిచే ఈజిప్టు పూజారులకు హెర్మెస్ పేరిట 42 గ్రంథాలు ఉండేవని రాశాడు. వాటికీ మన చేతిలోని గ్రీకు ప్రతులకూ సూటి సంబంధం ఉందని నేననను. ఆ పేరు ఆలయంలో సజీవంగా ఉండేదని మాత్రం అంటాను.

చర్చ ప్రారంభించినవారు:
పేరు ఆలయానిదని ఒప్పుకుంటాను, వేషమన్న మాటనూ వెనక్కి తీసుకుంటాను. మొదటి గ్రంథంలోని సృష్టివర్ణన మాత్రం ప్లేటో నుంచీ యూదుల ఆదికాండం నుంచీ వచ్చిందనే ఇప్పటికీ అంటాను. దానికి ఈజిప్టు మాతృక ఉంటే ఆ వాక్యాలను ఇక్కడ పెట్టండి.