ఇంటికి పంపాక ఐవీ యాంటీబయాటిక్: 30 రోజుల్లో మళ్లీ అడ్మిట్ అయ్యేదెవరో చెప్పే మోడల్ ఎలా కట్టాలి?

వార్డు_ఫార్మసీ:
డిశ్చార్జ్ అయ్యాక ఇంట్లోనో, దగ్గర్లోని నర్సింగ్‌హోమ్‌లోనో ఐవీ కొనసాగించేవాళ్ల కేస్‌షీట్లు 300 ఉన్నాయి. వయసు, షుగర్, క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష), మందు, పిక్ లైనా (చేతి నరం గుండా గుండె దగ్గరి పెద్ద సిర దాకా వేసే పొడవాటి గొట్టం) మామూలు క్యాన్యులానా, వారంవారం రక్తపరీక్షలు, అన్నీ కలిపి 20 అంశాలు. లాజిస్టిక్ రిగ్రెషన్ (ఒక్కో అంశానికీ బరువిచ్చి అవకాశం లెక్కగట్టేది) చాలా, రాండమ్ ఫారెస్ట్ (బోలెడు డెసిషన్ ట్రీలు కలిపి వాడేది) కావాలా?

లెక్కలపెట్టె:
ఫారెస్ట్ జోలికి వెళ్లకండి. పాతిక శాతం తిరిగొచ్చారనుకున్నా 75 ఘటనలే. 20 అంశాలు పెడితే ఒక్కోదానికి నాలుగు కూడా రావు. మోడల్ మీ కేస్‌షీట్లను బట్టీపట్టి, కొత్త పేషెంట్ రాగానే బోర్లాపడుతుంది. పి-వాల్యూ (తేడా కాకతాళీయమేమో అంచనా వేసే అంకె) చూసి ఏరకుండా, వైద్యపరంగా ముందే ఆరేడు అంశాలు తేల్చుకుని రిడ్జ్ (అంశాల బరువుల్ని కుదించి అతిని ఆపే లాజిస్టిక్) వాడండి, బూట్‌స్ట్రాప్‌తో (అవే కేసుల్లోంచి మళ్లీమళ్లీ నమూనాలు తీసి) సరిచూడండి.

అసలు గోతి వారంవారం పరీక్షల్లో ఉంది. జోస్యం డిశ్చార్జ్ రోజున చెప్పాలంటే ఆ రోజుకి తెలిసినవే వాడాలి. 14వ రోజు క్రియాటినిన్ కలిపారనుకోండి, 9వ రోజే తిరిగి చేరినవాళ్లకి ఆ గడి ఖాళీ. ఆ ఖాళీయే జవాబు చెప్పేస్తుంది. ఏయూసీ (తిరిగొచ్చేవాళ్లనీ రానివాళ్లనీ మోడల్ ఎంత బాగా వేరు చేస్తుందో చెప్పే అంకె; 0.5 అంటే బొమ్మా బొరుసే, 1 అంటే పూర్తిగా సరి) 0.9 వచ్చిందని మురిసిపోతాం.

బోస్టన్‌లోని టఫ్ట్స్ మెడికల్ సెంటర్ నుంచి 2014లో వచ్చిన మోడల్ చూడండి. 782 మంది, 26 శాతం మళ్లీ చేరారు. నిలిచినవి వయసు, అమైనోగ్లైకోసైడ్ (అమికాసిన్ లాంటి మందు) వాడటం, మందులకు లొంగని క్రిమి, అంతకుముందు 12 నెలల్లో ఐవీ యాంటీబయాటిక్ లేకుండా అయిన డిశ్చార్జులు. సి-స్టాటిస్టిక్ (ఇక్కడ ఏయూసీకే మరో పేరు) 0.61. బొమ్మా బొరుసూ కంటే కాస్త నయం, అంతే.

ఐడీ_డ్యూటీ:
పై మాటకి కొనసాగింపు. మందుల్ని పేర్లవారీగా విడగొట్టకండి, గుంపులు చేయండి. అమికాసిన్, వాంకోమైసిన్, కొలిస్టిన్ కిడ్నీని దెబ్బతీసేవి, ఒక గుంపు. సెఫ్ట్రయాక్సోన్, ఎర్టాపెనెమ్ రోజుకొక్క డోసు, కాబట్టి వేరు. మెరోపెనెమ్ మామూలుగా ఎనిమిది గంటలకోసారి. రాత్రి డోసు ఇచ్చేవాళ్లు ఊళ్లో ఉండరు. అది మరో గుంపు.

ఎముక ఇన్‌ఫెక్షన్‌కి ఆరు వారాల కోర్సు రాసి మామూలు క్యాన్యులాతో పంపితే నరం వాచడం ఖాయం. అందుకే లైన్ రకాన్ని కోర్సు పొడవుతో కలిపి చూడాలి. చీము పూర్తిగా తీశారా లేదా అన్నది మీ 20లో లేదే! నేనైతే మొదట అదే రాసుకుంటాను.

ఇక ఫలితం గడి, అంటే తిరిగి చేరారా లేదా అన్నది. స్కిన్ గ్రాఫ్ట్‌కో, మళ్లీ డెబ్రిడ్‌మెంట్‌కో (చెడిన కండ తీసేసే సర్జరీ) ముందే తేదీ ఇచ్చి చేర్చుకున్నవి తీసేయండి. సొంత ఊరి ఆస్పత్రిలో చేరినవాళ్లు మీ రికార్డులో ‘తిరిగి రాలేదు’ అనే పడతారు. 31వ రోజు ఫోన్ చేయకపోతే తెలియదు. చనిపోయినవాళ్లనీ ‘రాలేదు’లో కలిపేయకండి, పోటీ ఘటనగా (తిరిగి చేరే అవకాశాన్నే లేకుండా చేసేది) విడిగా రాయండి.

వార్డు_ఫార్మసీ:
ఒకే మనిషికి రెండు కోర్సులుంటే? హై రిస్క్ గీత ఎక్కడ గీయాలి?

లెక్కలపెట్టె:
మొదటి కోర్సే తీసుకోండి. గీత మాత్రం ఏయూసీ చూసి గీయకండి. మీ నర్సు వారానికి ఎంతమందికి ఫోన్ చేసి లైన్, జ్వరం, మూత్రం సంగతి అడగగలదో లెక్కేయండి. 15 మందికే వీలైతే స్కోరులో పైనున్న 15 మందే హై రిస్క్. క్యాలిబ్రేషన్ గ్రాఫ్ (మోడల్ చెప్పిన శాతం, నిజంగా తిరిగొచ్చిన శాతం ఎంత కలుస్తాయో చూపేది) తప్పకుండా గీసి ఇక్కడ పెట్టండి, చూద్దాం.