ఆరేళ్ల పిల్లవాడికి గ్లాసుల పరీక్ష: పియాజేను బడి గుమ్మంలో కాపలా పెట్టవచ్చా?

మధురవాడ అమ్మ: శ్రీకాకుళం నుంచి ఈమధ్యే విశాఖలోని మధురవాడ వచ్చాం. మా వాడికి ఆరేళ్లు నిండాయి. ఒకటో తరగతిలో చేర్చడానికి దగ్గరలోని ఒక ప్రైవేటు బడికి తీసుకువెళ్లాను. అక్కడి మేడం ఒకేలాంటి రెండు గ్లాసుల్లో నీళ్లు పోసి సమానమేనా అని అడిగారు. సమానమే అన్నాడు. ఒక గ్లాసులోని నీళ్లను సన్నటి పొడవాటి గ్లాసులోకి ఒంపి మళ్లీ అదే ప్రశ్న వేశారు. పొడవు గ్లాసులో ఎక్కువన్నాడు. “పియాజే ప్రకారం ఇంకా పూర్వ ప్రచాలక దశలోనే ఉన్నాడు, మళ్లీ యూకేజీ చదివించండి” అన్నారు. పిల్లల ఆలోచన దశలవారీగా ఎదుగుతుందని చెప్పిన స్విస్ మనస్తత్వవేత్తట ఈ పియాజే. ఆ దశ అంటే పిల్లలు ఇంకా తర్కంతో కాక కంటికి కనిపించేదాన్ని బట్టి ఆలోచించే దశట. సిద్ధాంతాలను ఇలా వాడవచ్చా?

సీతమ్మధార మాస్టారు: అమ్మా, 32 ఏళ్లు ప్రాథమిక పాఠశాలల్లో పనిచేశాను. ఆ మేడం తప్పు చేశారని నేను అనను. ఆకారం మారినా పరిమాణం మారదని తెలియడాన్నే పదిలపరచుకునే భావన అంటాం. అది రాని పిల్లవాడి చేత ఎక్కాలు వల్లె వేయించగలం, అర్థం చేయించలేం. పాలు పట్టని వరిని కోస్తే తాలే మిగులుతుంది. పిల్లలను ఈ దశలు తొందరగా దాటించడం ఎలా అని అడిగితే పియాజే దాన్ని ‘అమెరికన్ ప్రశ్న’ అనేవారు. ఇప్పుడది మన ప్రశ్న అయిపోయింది. ఆరో తరగతికే ఐఐటీ ఫౌండేషన్ అని బోర్డులు కడుతున్న ఊరు మనది. ఒక్క ఏడాది ఆగితే వచ్చే నష్టమేమిటి?

డీఎస్సీ మూడోసారి: పూర్వ ప్రచాలక దశ 2 నుంచి 7 ఏళ్లు. బాబుకు 6. లెక్క సరిపోయింది. ఇందులో చర్చ ఏముంది?

మధురవాడ అమ్మ: ఏడేళ్ల దాకా అందరూ అదే దశలో ఉంటే, ఒకటో తరగతిలో కూర్చున్న ఆరేళ్ల పిల్లలందరినీ యూకేజీకి పంపాలి కదా? మా వాడొక్కడినే ఎందుకు?

డీఎస్సీ మూడోసారి: మా కోచింగ్‌లో అలాగే చెప్పారు.

రేవు పిల్ల: మా అమ్మ హార్బరులో వేలంలో చేపలు కొని పెదవాల్తేరు వీధుల్లో గంపతో అమ్మేది. ఎనిమిదేళ్లకే వెంట తిరిగి చిల్లర లెక్క చూసేదాన్ని, పైసా తేడా వచ్చేది కాదు. అదే తీసివేత పలక మీద వేస్తే అప్పు తెచ్చుకోవడం దగ్గర తప్పేది. మా టీచరు నాకు లెక్కలు రావని తీర్మానించేసింది. బ్రెజిల్‌లోని రెసీఫేలో వీధుల్లో సరుకులు అమ్మే పిల్లలను పరీక్షించి 1985లో పరిశోధకులు ఒక వ్యాసం రాశారు. బేరం మధ్యలో అడిగితే నూటికి 98 లెక్కలు సరిగ్గా చెప్పారు. అవే అంకెలను కాగితం మీద ఇస్తే 37. పిల్లలు మారలేదు, అడిగిన చోటు మారింది. సోవియట్ మనస్తత్వవేత్త వైగాట్‌స్కీ చెప్పిన ఊతం, అంటే పెద్దల చేయూత, ఇస్తే ఈ బాబు కూడా అందుకుంటాడు.

పుస్తకాల పురుగు: చిన్న సవరణ. ఊతం అనే పోలిక వైగాట్‌స్కీది కాదు. ఆయన 1934లోనే పోయారు. అది 1976లో వుడ్, బ్రూనర్, రాస్ రాసిన వ్యాసంలోది. వైగాట్‌స్కీది సామీప్య వికాస మండలం, అంటే పిల్లలు ఒంటరిగా చేయగలిగినదానికీ సాయంతో చేయగలిగినదానికీ మధ్య ఉన్న దూరం.

రేవు పిల్ల: చేప తాజాదేనా అని అడుగుతుంటే వలకు ఎన్ని కళ్లో చెబుతున్నారు.

పుస్తకాల పురుగు: వల కూడా ముఖ్యమే కదండీ.

సీతమ్మధార మాస్టారు: చేపల లెక్క వేరు, బడి లెక్క వేరు. అయినా ఇది పియాజే గొడవ కాదు. పక్కింటి పిల్లవాడు రెండో తరగతికి వెళితే మనవాడు యూకేజీలో ఉండటం ఈ కాలం తల్లులకు నామోషీ. అసలు సంగతి అది.

మధురవాడ అమ్మ: నామోషీనా మాస్టారూ? ఆ మేడం వాడి ఎదుటే ఆ మాటన్నారు. ఆ రాత్రి “నేను మొద్దునా అమ్మా” అని అడిగాడు. సమానమని మొదట నువ్వే చెప్పావు కదా, మళ్లీ ఎందుకు మార్చావు అన్నాను. “మేడం మళ్లీ అడిగారుగా, మొదట చెప్పింది తప్పేమో అనుకున్నాను” అన్నాడు. దీనికి ఏ దశ పేరు పెడతారో మీరే చెప్పండి.

రేవు పిల్ల: సరిగ్గా ఇదే! 1974లో రోజ్, బ్లాంక్ అనే పరిశోధకులు ప్రశ్నను ఒక్కసారే, మార్చిన తరువాత మాత్రమే అడిగి చూశారు. ఎక్కువమంది పిల్లలు సరిగ్గా చెప్పారు. మెక్‌గారిగల్, డొనాల్డ్‌సన్ అయితే సమానంగా పేర్చిన బిళ్లల వరుసలను ఒక అల్లరి ఎలుగుబంటి బొమ్మ చెరిపినట్టు చేశారు. పెద్దవాళ్లు చెరిపినప్పటికంటే అప్పుడే పిల్లలు బాగా చెప్పారు. పెద్దలు కావాలని ఏదో మార్చి మళ్లీ అడిగితే, జవాబు కూడా మార్చాలేమో అనుకుంటారు పిల్లలు. పియాజేను పూర్తిగా కొట్టిపారేయను, కానీ నీళ్ల గ్లాసు అడ్మిషన్ కౌంటరు కాదు.

సీతమ్మధార మాస్టారు: నేనన్న మాట తప్పు. క్షమించండమ్మా. ఎందుకన్నానో కూడా చెబుతాను. మా అమ్మాయిని నాలుగున్నరేళ్లకే ఒకటో తరగతిలో వేశాను. పుట్టిన తేదీని ఏడాదిన్నర వెనక్కి జరిపి రాసింది నేనే. అప్పట్లో చాలామంది చేసేవారు, అందులోనూ నేను ఉపాధ్యాయుణ్ణి. పదో తరగతి దాకా క్లాసులో అందరికంటే చిన్నది. ఆటల్లో ఎవరూ చేర్చుకునేవారు కాదు. మార్కులు వచ్చాయి, కానీ చదువంటే ఒక దడ పట్టుకుంది. “నాన్నా, నేనెప్పుడూ పరుగెత్తుతూనే ఉన్నాను” అని మొన్న దసరాకు వచ్చినప్పుడు అంది. అందుకే ఎవరైనా ‘ఆగండి’ అంటే నాకు అది సరైనదే అనిపిస్తుంది.

మధురవాడ అమ్మ: మీ బాధ అర్థమైంది మాస్టారూ. మీ అమ్మాయికి నాలుగున్నర, మా వాడికి ఆరు నిండాయి. ఆ బాకీ మా వాడు తీర్చాలా?

సీతమ్మధార మాస్టారు: తీర్చనక్కర్లేదు. అయినా వాడిని ఒకసారి చూడకుండా నేను అవుననీ కాదనీ చెప్పను.

గోపాలపట్నం: మీరంతా ఒక విషయం వదిలేశారు. 2009 నాటి విద్యా హక్కు చట్టంలోని 13వ సెక్షన్ ప్రకారం బడిలో చేర్చుకునేటప్పుడు పిల్లలకు గానీ తల్లిదండ్రులకు గానీ వడపోత పరీక్ష పెట్టకూడదు. ఇక 2020 జాతీయ విద్యా విధానంలో 3 నుంచి 8 ఏళ్ల దాకా ఒకటే పునాది దశ. ఒకటి, రెండు తరగతులు కూడా అందులోవే, ఆటపాటలతో నేర్పమన్నవే. మాస్టారి భయం బాబు వయసు గురించి కాదు, ఒకటో తరగతిలో వాడి చేత ఏం చేయిస్తారన్న దాని గురించి. అది ఆ బడిని అడగవలసిన ప్రశ్న.

మధురవాడ అమ్మ: సోమవారం మళ్లీ వెళుతున్నాను. ఆ సెక్షన్ కాగితం మీద రాసుకున్నాను. అప్పటికీ గ్లాసు తీస్తే, ప్రశ్న ఒక్కసారే అడగమంటాను.

డీఎస్సీ మూడోసారి: అన్నీ బాగానే ఉన్నాయి. పరీక్షలో మాత్రం 2 నుంచి 7 అనే పెట్టాలి కదా?