కిట్ల రిజిస్టరులోంచి నంబరు తీసుకుని రాత్రిళ్లు ఫోన్లు... చేసింది మా వాలంటీరే. ఎవరికి చెప్పాలి?

నున్న రోడ్డు (ప్రశ్న):

నమస్తే అండీ. చాన్నాళ్లుగా చదవడమే తప్ప ఇక్కడ ఎప్పుడూ రాయలేదు. విజయవాడలో ఒక చిన్న ట్రస్టులో ఫీల్డ్ కోఆర్డినేటర్‌ని. జీతం తీసుకునేవాళ్లం 14 మందిమి. సెప్టెంబరు 1న బుడమేరు పొంగి సింగ్‌నగర్, పాయకాపురం, వాంబే కాలనీ మునిగిన దగ్గర్నుంచీ మాకు పగలూ రాత్రీ తెలియలేదు. మొదట్లో అన్నం పొట్లాలు, పాలు, మంచినీళ్లు. నీళ్లు తీశాక కిట్లు: బియ్యం, కందిపప్పు, నూనె ప్యాకెట్లు, దుప్పటి, ఒక బకెట్టు. చేతులు చాలక ఓ ముప్పై మంది వాలంటీర్లను తీసుకున్నాం. ఎవర్నీ ఏమీ అడిగింది లేదు. బండి ఉందా, రేపు పొద్దున ఆరింటికి రాగలవా, అంతే.

వీధికొక రిజిస్టరు. పేరు, ఇంటి నంబరు, ఫోన్ నంబరు, సంతకమో వేలిముద్రో. లిస్టు రాసినవాడే టోకెన్ ఇస్తాడు, మర్నాడు ఆ టోకెన్ చూసి కిట్టూ వాడే ఇస్తాడు. పని తొందరగా అవుతుందని అలా పెట్టింది నేనే.

నాలుగు రోజుల క్రితం ఒకావిడ నన్ను పక్కకి పిలిచింది. (గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు మార్చి రాస్తున్నా.) ఇళ్లలో పనిచేసుకుంటుంది, భర్త లేడు. "రెండో కిట్టు కావాలంటే ఫోనెత్తాలన్నాడండి మీ అబ్బాయి" అంది. నాకు వెంటనే ఎక్కలేదు. ఫోను తీసి చూపించింది. రాత్రి 11:40, 11:52, 12:15. వరసగా నాలుగు రాత్రులు. వాట్సాప్‌లో "ఒక్కదానివే ఉన్నావా", "మాట్లాడితే కిట్టు ఇంటికే తెస్తా". ఆవిడకి చదువు రాదు, వాళ్లమ్మాయి చదివి చెప్పిందట. ఫోను అమ్మాయిదే, ఇంటర్ చదువుతోంది. ఇంట్లో ఉన్న ఫోను అదొక్కటే.

మా సెక్రటరీ గారికి చెప్పాను. చెడ్డాయన కాదు. వరదలో నడుంలోతు నీళ్లలో మాతోపాటు తిరిగినాయన. "అతన్ని రేపట్నుంచి రావద్దంటాను. ఆవిడకి ఇంకో రెండు కిట్లు ఇచ్చేయ్. ఇది బయటికొస్తే దాతలు ఆగిపోతారు, మిగతా మూడొందల ఇళ్లకి ఎవరిస్తారమ్మా?" అన్నారు. ఆ చివరి మాటకి నా దగ్గర జవాబు లేకపోయింది.

ఆఫీసు గోడ మీద లైంగిక వేధింపుల ఫిర్యాదుల కమిటీ బోర్డు ఉంది, మూడు పేర్లతో. అందులో ఒకావిడ ఏడాది క్రితమే మానేసింది. అయినా కిట్టు తీసుకునే మనిషి మా ఉద్యోగి కాదు, అతనూ జీతగాడు కాదు. ఇది ఆ కమిటీ కిందికి వస్తుందా? రాకపోతే ఎవరి దగ్గరికి వెళ్లాలి?

సూరిబాబు:

మేడమ్ గారూ, తప్పే, కాదనను. కానీ ఫోన్ చేశాడు గానీ చెయ్యి వేయలేదు కదా. మానిపించేశారు, అయిపోయింది. ఒక్కడి కోసం మీ ట్రస్టు మొత్తాన్ని పోలీస్ స్టేషన్‌కి లాగితే నష్టపోయేది ఆ పేదోళ్లే. మీ సెక్రటరీ గారు అనుభవం మీద చెప్పారు.

కోర్టు మెట్లు:

వకీలుని. రెండు మూడు సంస్థల కమిటీల్లో బయటి సభ్యురాలిగా కూర్చుంటాను. మీ ప్రశ్నకి జవాబు తర్వాత, ముందు మీరు దారినపోతూ రాసిన మాట ఒకటుంది. ఫోను అమ్మాయిది, అమ్మాయి ఇంటర్. 18 నిండలేదనే అనుకుంటున్నా. ఆ మెసేజ్‌లు వెళ్లింది పిల్ల చేతిలోకి. తల్లి కోసం పంపాడా, పిల్ల కోసం పంపాడా అన్నది తేల్చాల్సింది మీరు కాదు, నేనూ కాదు. పిల్లను లైంగిక ఉద్దేశంతో ఫోన్లో పదేపదే వెంటాడటం పోక్సో చట్టం (పిల్లలపై లైంగిక నేరాల చట్టం) కింద నేరం. అలాంటిది జరిగిందని తెలిసినా, జరగబోతోందని అనుమానం వచ్చినా, ఎవరైనా సరే పోలీసులకి చెప్పి తీరాలని 19వ సెక్షన్. చెప్పకపోతే ఆరు నెలల దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. సంస్థకి పెద్దగా ఉన్నవాళ్లు తమ కింద పనిచేసేవాడి విషయం దాచిపెడితే ఏడాది దాకా. ఈ రెండు వాక్యాలు మీ సెక్రటరీ గారికి యథాతథంగా చదివి వినిపించండి.

పోలీసులంటే ఆ తల్లి భయపడుతుంది, ఖాయం. ఆవిడకి చెప్పకుండా వెనకనుంచి వెళ్లకండి. ముందు కూర్చుని చెప్పండి: మేం చెప్పక తప్పదు, అయితే పిల్ల వాంగ్మూలం ఇంట్లోనో తను కోరిన చోటో తీసుకోవచ్చు, వీలైనంతవరకు మహిళా ఎస్సై వస్తారు, యూనిఫాంలో రాకూడదు. ఈ మాట చాలామంది పోలీసులకే గుర్తు చేయాల్సొస్తుంది, మొహమాటపడకుండా అడగండి. పిల్లల హెల్ప్‌లైన్ 1098 సాయం కూడా తీసుకోవచ్చు. మీరు మాత్రం అమ్మాయిని కూర్చోబెట్టి "ఏమన్నాడు, నువ్వేమన్నావ్" అని విచారణ మొదలెట్టొద్దు. మెసేజ్‌లు చెరపొద్దని చెప్పండి, చాలు.

ఇక కమిటీ సంగతి. పనిచేసే చోట లైంగిక వేధింపుల మీద వచ్చిన 2013 చట్టంలో బాధితురాలంటే ఉద్యోగం చేసేదైనా కాకపోయినా, ఏ వయసు స్త్రీ అయినా. అటువైపు 'ఉద్యోగి' అనే మాటలో జీతం లేకుండా స్వచ్ఛందంగా పనిచేసేవాడూ వస్తాడు. పని మీద వెళ్లిన ఏ చోటైనా పనిస్థలమే, కాలనీ వీధితో సహా. కాబట్టి తల్లి ఫిర్యాదు మీ కమిటీకి నిక్షేపంగా వస్తుంది. మూడు నెలల్లోపు ఇవ్వాలి, కారణం ఉంటే కమిటీ ఇంకో మూడు నెలలు పెంచొచ్చు. ఆవిడ రాయలేకపోతే రాసిపెట్టాల్సింది కమిటీయే. "రెండు కిట్లు ఇచ్చేయ్" అంటే రాజీ. ఆవిడ నోటితో అడగనిదే రాజీ మాటే ఎత్తకూడదు, అడిగినా డబ్బు లెక్కన కుదర్చకూడదు. అన్నట్టు బోర్డు మీద మూడు పేర్లంటే మీ కమిటీ పుట్టుకే తప్పు. అధ్యక్షురాలు, కనీసం ఇద్దరు ఉద్యోగులు, బయటి నుంచి ఒకరు. ఎటు లెక్కేసినా నలుగురికి తగ్గదు.

సూరిబాబు గారూ, చెయ్యి వేస్తే గానీ లెక్కలోకి రాదన్న చట్టం ఎక్కడా లేదండీ.

లారీ లెక్కలు:

మాది ఏలూరు. లాజిస్టిక్స్ పని, 2018లో బంగ్లాదేశ్‌లోని కాక్స్ బజార్‌లో రోహింగ్యా శరణార్థుల క్యాంపుల దగ్గర చేశాను. ఏ సంస్థో వద్దులెండి.

అక్కడ మేం గొప్పగా ఫిర్యాదుల పెట్టె పెట్టాం. వెదురు గుంజకి కొట్టిన రేకు డబ్బా, తాళంతో. నెల తర్వాత తెరిస్తే రెండు బిస్కెట్ కవర్లు, టార్పాలిన్ కావాలని ఎవరితోనో రాయించిన ఒక చీటీ. మీటింగ్‌లో "ఫిర్యాదులు లేవు" అని మినిట్స్ రాసుకున్నాం. ఒక బంగ్లాదేశీ సహోద్యోగిని నవ్వి, "ఆ డబ్బా ఎదురుగా ఎవరు కూర్చుంటారో చూశావా?" అంది. మాఝీ కూర్చుంటాడు. అంటే ఆ బ్లాకు పెద్ద, లిస్టులో ఎవరి పేరుండాలో చెప్పేవాడు. అతని కళ్లముందు ఏ ఆడమనిషి వెళ్లి డబ్బాలో చీటీ వేస్తుంది? అసలు రాయడం వచ్చినవాళ్లు ఎంతమంది? తర్వాత ఆ పని ఆడవాళ్ల గదికి మారింది, మగవాళ్లకి లోపలికి ప్రవేశం లేదు, నాకూ లేదు. కుట్టుపని చేసుకుంటూ మాట్లాడేవారట. రెండు వారాల్లో డబ్బా ఆరు నెలల్లో చెప్పనిది బయటపడింది.

మీ వీధిలో లిస్టూ టోకెనూ కిట్టూ ఒకే చేతిలో ఉన్నాయి. ఆ చేతి మీద ఫిర్యాదు ఉంటే మళ్లీ ఆ చేతికే ఇవ్వాలి. ఆవిడ మిమ్మల్ని పక్కకి పిలిచిందంటే మీ అదృష్టం, మీ పద్ధతి గొప్పదనం కాదు. కోపం తెచ్చుకోకండి, నేనూ అదే తప్పు చేసినవాణ్ణి.

ఇది కొత్త సంగతి కాదు. 2002లోనే గినియా, లైబీరియా, సియెర్రా లియోన్ శరణార్థి శిబిరాల గురించి ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ, సేవ్ ద చిల్డ్రన్ కలిసి రిపోర్టు ఇచ్చాయి. నూనెకీ, ప్లాస్టిక్ పట్టాకీ, రేషన్ కార్డుకీ ఆడపిల్లల్ని అడిగారు. అడిగినవాళ్లలో ఎక్కువమంది పెద్ద దొరలేం కాదు, అక్కడికక్కడ తీసుకున్న పనివాళ్లు. చేతిలో రిజిస్టరు ఉన్నవాళ్లు. ఆ మర్నాటి ఏడాది ఐక్యరాజ్యసమితి రాసిన నియమాల్లో ఒకటి: ఎలాగూ అందాల్సిన సాయాన్ని అడ్డం పెట్టి లైంగికంగా ఏది అడిగినా తప్పే. "ఆవిడ ఒప్పుకుంది కదా" అన్న మాటకి తావు లేకుండా.

మీ సెక్రటరీ గారి "రేపట్నుంచి రావద్దంటాను" నాకు బాగా తెలిసిన వాక్యం. 2010 భూకంపం తర్వాత హైతీలో ఆక్స్‌ఫామ్ అనే బ్రిటన్ సహాయ సంస్థ మనుషులు డబ్బిచ్చి ఆడవాళ్లని వాడుకున్నారని ఆరోపణలొచ్చాయి, 2011లో లోపల విచారణ చేసి నలుగుర్ని తీసేశారు, దేశ డైరెక్టరుతో సహా ముగ్గుర్ని రాజీనామా చేసి వెళ్లనిచ్చారు. ఆయన తర్వాత బంగ్లాదేశ్‌లో ఇంకో సంస్థలో చేరాడు. 2018 ఫిబ్రవరిలో పేపర్లో పడే దాకా అసలు సంగతి లోకానికి తెలియలేదు. గుట్టుగా ఉంచితే దాతలు ఉంటారనుకున్నారు, బయటపడ్డాక ఆ ఏడాది వేలమంది నెలనెలా ఇచ్చే చందా ఆపేశారు. మీ అబ్బాయి రేపు వంతెన అవతల ఇంకో ట్రస్టు టీషర్ట్ వేసుకుని కనిపిస్తాడు. బండి ఉందా, ఆరింటికి రాగలవా అనే కదా వాళ్లూ అడిగేది.

నున్న రోడ్డు:

అందరికీ థాంక్స్. పది రోజులైంది, అందుకే ఆలస్యం.

ఆ ఏడాది జైలు వాక్యం సెక్రటరీ గారికి చదివాను. కళ్లజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నారు. "ఈ సెక్షన్ నాకెవరూ చెప్పలేదమ్మా" అన్నారు. ఆ సాయంత్రం నాతోపాటు ఆయనే స్టేషన్‌కి వచ్చారు.

అంతకుముందు ఆవిడ దగ్గరికి వెళ్లాను. "పోలీసోళ్లు గుమ్మంలోకొస్తే వీధంతా చూస్తది" అంది. వకీలు గారు చెప్పినట్టే అడిగితే మహిళా ఎస్సై చుడీదార్‌లో వచ్చారు, అమ్మాయి వాళ్ల పిన్ని ఇంట్లో కూర్చున్నారు. నేను బయట అరుగు మీదే ఉన్నా. తర్వాత ఆవిడే చెప్పింది. రెండోరోజు ఫోనెత్తింది అమ్మాయట, గొంతు గుర్తుపట్టి కూడా అతను పెట్టెయ్యలేదట. వకీలు గారూ, మీరు పట్టుకోకపోతే నేను ఆ మాట దాటేసి వెళ్లిపోయేదాన్ని.

దాతలకి మేమే చెప్పాం. రెండో విడత డబ్బు ఆపారు, కొత్త కమిటీ కాగితాలు పంపితే గానీ ఇవ్వమన్నారు. అంటే సెక్రటరీ గారి భయం ఉత్తిది కాదు. మూడొందల ఇళ్లకి తొమ్మిది రోజులు లేటైంది. ఒకచోట నన్ను తిట్టారు కూడా, కారణం చెప్పలేను కదా, పడ్డాను.

రిజిస్టరులో ఫోన్ నంబరు గడి తీసేశాం. అసలెందుకు పెట్టామో ఎవరికీ గుర్తులేదు. లిస్టు ఒకరు, టోకెన్ ఇంకొకరు, బల్ల దగ్గర ఎప్పుడూ ఇద్దరు, అందులో ఒకరు ఆడవాళ్లు. డబ్బా పెట్టలేదు. వారానికి రెండుసార్లు నేనూ ఇంకో అక్కా వీధి చివర పంపు దగ్గర బిందెల టైంకి వెళ్లి కూర్చుంటున్నాం. సగం మాటలు దోమల గురించే.

చుట్టుపక్కల పనిచేసే ట్రస్టుల వాళ్లకి ఏం చెప్పొచ్చు, ఎంతవరకు చెప్పొచ్చు? బాధితుల పేరు రాకూడదని తెలుసు.

కోర్టు మెట్లు:

విచారణ వివరాలేవీ బయటికి చెప్పకూడదు, అతని పేరు కూడా పంచిపెట్టొద్దు. కానీ ఎవరైనా ఫోన్ చేసి "మీ దగ్గర చేశాడట, మళ్లీ తీసుకుంటారా?" అని అడిగితే "తీసుకోం" అనడానికి ఏ చట్టమూ అడ్డురాదు. వాళ్లు అడిగేలా చేయండి ముందు. అతని ఐడీ కార్డు వెనక్కి తీసుకున్నారా?

నున్న రోడ్డు:

అయ్యో. లేదండీ. ఇప్పుడే ఫోన్ చేయిస్తా.

లారీ లెక్కలు:

టీషర్ట్ కూడా.