సబ్‌మాడ్యూల్: ఉప-నా, ముఖస్థమా?

గిట్టుబాటు:
మా టీమ్‌లో కొత్తవాళ్ల కోసం గిట్ (కోడ్‌లో మార్పుల చరిత్రని దాచే సాధనం) పాఠం తెలుగులో రాస్తున్నాను. సబ్‌మాడ్యూల్ దగ్గర ఆగిపోయాను. ఒక రెపో (కోడూ దాని చరిత్రా ఉండే చోటు) లోపల ఇంకో రెపో. "ఉపరెపో" నాకే నచ్చలేదు. కృష్ణుడి నోట్లో విశ్వాన్ని చూసి యశోద విస్తుపోయే పోతన పాదం ఒకటి రాత్రి నుంచి బుర్రలో తిరుగుతోంది: "బాలకుఁడెంత? యీతని ముఖస్థంబై బ్రహ్మాండంబు..." ఇందులోంచి మాటేమైనా దొరుకుతుందా?

యతిమైత్రి:
"ముఖస్థంబై యజాండంబు" అండీ. అజాండం అన్నా బ్రహ్మాండమే. మత్తేభంలో అక్కడ యగణం (లఘువు, రెండు గురువులు) పడాలి. బ్రహ్మాండం పెడితే మూడూ గురువులై మగణమై కూర్చుంటుంది.

గిట్టుబాటు:
మా తాతగారు బ్రహ్మాండం అనే చదివేవారు. చెవిలో అలాగే ఉండిపోయింది.

పాతప్రతి:
తాతగారి తప్పేం లేదు. కాస్త ముందున్న కందం "దిక్పాలాది కరండమైన బ్రహ్మాండంబున్" అని ముగుస్తుంది. రెండూ కలిసిపోయి ఉంటాయి. మీక్కావలసిన మాట కూడా అక్కడే ఉంది. కరండం, అంటే బరిణె. పై రెపోని కరండం అనేయండి.

గిట్టుబాటు:
బరిణెలో వస్తువుంటుంది కదండీ! ఇక్కడ పై రెపో దాచుకునేది లోపలి రెపో కమిట్ (ఒక దశలో భద్రపరచిన కోడ్) సంఖ్య ఒక్కటే, "ఇది ఫైలు కాదు, కమిట్" అని చెప్పే 160000 అనే మోడ్‌తో. చిరునామా .గిట్‌మాడ్యూల్స్ ఫైల్లో ఉంటుంది. మామూలుగా క్లోన్ చేస్తే (పై రెపోని మన కంప్యూటర్లోకి దించుకుంటే) ఆ ఫోల్డర్ ఖాళీ. ప్రతిసారీ ఎవరో ఒకరు "కోడ్ ఏదండీ?" అని టెన్షన్ పడతారు.

నోటిమాట:
అయితే ముఖస్థమే కరెక్ట్. నోట్లో ఉంది, మింగలేదు. మింగేది సబ్‌ట్రీ, ఫైళ్లన్నీ పై రెపోలో కలిసిపోతాయి. దాన్ని ఉదరస్థం అందాం.

యతిమైత్రి:
ముఖస్థం అంటే కంఠతా వచ్చిందనుకుంటారు. అసలు పోతన అక్కడ "స్థ" ఎందుకు వేశాడో చూశారా? పాదం "స్థలమో" అని మొదలవుతుంది. పద్నాలుగో అక్షరం యతిస్థానం, అంటే పాదం మొదటి అక్షరంతో మైత్రి కుదరాల్సిన చోటు, అక్కడికి "స్థం" వచ్చింది. పైగా "పరస్థలమో" అన్న మాటని ముందు పాదం చివర విరిచాడు. అలా విరిచినా నోటికి ఎక్కడా తగలదు. అదీ పోతన!

ఉపనది:
"ఉప"ని అంత చులకన చేయకండి. ఉపాఖ్యానం ఉంది కదా. భారతంలో నలుడి కథకి దాని మొదలూ దాని చివరా దానికే ఉన్నాయి. విడిగా చదువుకున్నా లోటు లేదు.

గిట్టుబాటు:
కానీ నలుడి కథ మొత్తం భారతంలోనే రాసి ఉందిగా? అది సబ్‌ట్రీ అవుతుంది. "ఈ కథ ఫలానా ప్రతిలో ఫలానా పుటలో చూడుము" అని వదిలేస్తే సబ్‌మాడ్యూల్.

పాతప్రతి:
ఆ ప్రతి మనింట్లోనే ఉండి, బయటివాళ్లకి ఇవ్వకపోతే?

గిట్టుబాటు:
అదీ జరుగుతుంది. లోపలి రెపో పుష్ చేయడం (అందరికీ అందే సర్వర్‌కి పంపడం) మర్చిపోయి పైది పుష్ చేస్తే, మిగతావాళ్లకి ఆ కమిట్ దొరకదు.

నోటిమాట:
"కలయో! వైష్ణవ మాయయో!"

యతిమైత్రి:
అన్నట్టు, అదే పద్యం మొదలయ్యే ఆ పాదంలో తర్వాతది "యితర సంకల్పార్థమో". ఆ "యితర"కి సరైన అర్థం ఎవరైనా చెప్తారా? "ఇతరుల సంకల్పం" అని సరిపెట్టేస్తుంటారు, నాకు నమ్మకం లేదు.

పాతప్రతి:
"ఇతర" అర్థానికే వేస్తే? "మరో అర్థమో" అని.

ఉపనది:
సమాసం అలా విరగదండీ.

గిట్టుబాటు:
మరి నా పాఠంలో ఏం రాయమంటారు? రేపటికి ఇవ్వాలి.

యతిమైత్రి:
ఉండండి, ముందు ఈ "యితర" తేలనివ్వండి.