సమస్య: శిక్ష గావలె నంచును శిష్యుఁ డేడ్చె

నిర్వాహకుడు: ఈ పాదం తట్టినప్పట్నుంచీ నాలో నేనే నవ్వుకుంటున్నా. ఇది తేటగీతి చివరి పాదం, పై మూడూ మీరు పూరించండి. "సర్వశిక్షా అభియాన్ అంటే అందరికీ దెబ్బలు" అనే జోకు మాత్రం వద్దు, అరిగిపోయింది.

గండపెండేరం:
హిందిభాషలోఁ జదువుకే యిట్టి పేరు
తెలుగువా రది వినిరేని దెబ్బలనుచు
పారిపోదురు, కాశికిఁ బయనమైన
శిక్ష గావలె నంచును శిష్యుఁ డేడ్చె

అరసున్న: హి–యి యతి హాయిగా కుదిరింది. కానీ పోయినసారి "ఉపన్యాసము" సమస్యకీ తమరు హిందీవాళ్ళనే పిలుచుకొచ్చారు, వాళ్ళకది నవల అని. చిక్కొచ్చినప్పుడల్లా ఉత్తరాది రైలెక్కడమేనా? సంస్కృతంలోనే దారుంది:

శాస్త్రమును శాస్తి రెండును శాసు బిడ్డ
లనుచు ధాతువు చెప్పిన లక్షణజ్ఞు
చెంతఁ గూర్చుండి బెత్తముఁ జేతఁ జూచి
శిక్ష గావలె నంచును శిష్యుఁ డేడ్చె

"శాస్" అంటే బోధించడం, దండించడం రెండూనూ. శిష్యుడూ అందులోంచి వచ్చినవాడే. శిక్ష వేరు. అది "శక్" ధాతువుకి సన్నంతం, అంటే కోరికను తెలిపే రూపం: చేయగలగాలన్న కోరిక. అందుకే మనవాడు శాస్తి వద్దు, శిక్షే కావాలంటున్నాడు.

గండపెండేరం: ఆ రెండో ధాతువు పద్యంలో ఎక్కడుంది? కింద వ్యాఖ్యానంలో ఉంది. అయినా నా ఉపన్యాసం పూరణకి ఆ రోజు "భేష్" అన్నది తమరే.

చాటువు: నాది ఒక్క పాదమే అయిందండీ: "శిక్షాస్మృతి హిందివారికిఁ జిత్రమయ్యె". 1860 నాటి చట్టాన్ని మనం భారత శిక్షాస్మృతి అన్నాం, వాళ్ళు దండసంహిత అన్నారు కదా!

అరసున్న: "శిక్షా" గగం, రెండూ గురువులే బాబూ, పాదం మొదట ఉండాల్సిన సూర్యగణం (గలమో నగణమో) ఏది? ఊహ మాత్రం బంగారం. ఇలా ఎత్తుకోండి: "దండసంహిత యని హింది, తగునె మనకు".

చాటువు: తైత్తిరీయోపనిషత్తులో "శీక్షా" అని దీర్ఘమే ఉందిగా?

గండపెండేరం: దీర్ఘమైనా అక్కడ గురువు గురువే. మీ బాధ "క్షా"తో.

నిర్వాహకుడు: కన్నడం, మలయాళం, మరాఠీ మనలాగే దండన వైపున్నాయి. బెంగాలీ చదువు వైపుంది. పాలీలో సిక్ఖా అంటే బౌద్ధుల శీలాభ్యాసం. మన "శిక్షణ" ఇప్పటికీ చదువు పక్షమే, దాన్నెవరూ ముట్టుకోలేదేం? ప్రస్తుతానికి బెత్తం పద్యానికే నా ఓటు.

గండపెండేరం: ఓటు సరే. "చేతఁ జూచి" ఎవరి చేతండీ, గురువుదా శిష్యుడిదా?

అరసున్న: చదివినవాళ్ళకి తెలుస్తుంది. ఇక ఆనాటి "భేష్" మూడో పాదానికి మాత్రమే. తీరిగ్గా ఆ పూరణ రెండో పాదంలో యతి ఓసారి చూసుకోండి.